మూడు ముళ్లు, రెండు తేదీలు

ఎమ్మిగనూరు బస్టాండులో రాత్రి హైదరాబాదు బస్సు ఎక్కేటప్పుడు మా తమ్ముడి భుజాన ఒక బరువైన సంచి ఉంది. అందులో మా పెళ్లి కరిజ్మా ఆల్బమ్. నాలుగు కిలోలకు తక్కువుండదు. "ఇది చూపిస్తే చాలక్కా, ఇంకేం అడుగుతారు?" అన్నాడు వాడు. తెల్లారి అమెరికా వీసా ఇంటర్వ్యూ గేటు దగ్గరకు పోతే, పెద్ద సంచులు, ఫోన్లు లోపలికి తీసుకుపోకూడదన్నారు. ఆల్బమ్ రోడ్డవతల వాడి ఒళ్లోనే ఉండిపోయింది. నేను ప్లాస్టిక్ ఫైలు ఒక్కటి పట్టుకుని లోపలికి పోయాను. కిటికీ దగ్గర ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న: "మీ పెళ్లి ఏ తేదీన జరిగింది?"

దీనికి ఏ ఆడపిల్లయినా నిద్రలో లేపినా జవాబు చెబుతుంది. నేనూ చెప్పాను, 14 అని. ఆవిడ నేనిచ్చిన కాగితం చూసింది. మళ్లీ అడిగింది. మళ్లీ 14 అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న వివాహ ధ్రువపత్రంలో 15 అని ఉంది.

మా ముహూర్తం రాత్రి 2.40కి. శుభలేఖలో "14వ తేదీ గురువారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే శుక్రవారం" అని వేయించారు. మన పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా గురువారమే. ఇంగ్లీషు క్యాలెండరులో అర్ధరాత్రి దాటితే తేదీ మారిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా సరిగ్గా లెక్కగట్టి 15 వేశాడు. ఆల్బమ్ అట్టమీద బంగారు అక్షరాల్లో 14. మేం ప్రతి సంవత్సరం పెళ్లిరోజు చేసుకోవాలనుకున్నదీ 14నే. ధ్రువపత్రం నా చేతికొచ్చి మూడు నెలలైంది. ఒక్కసారి కూడా దాన్ని పైనుంచి కిందిదాకా చదవలేదు. మావారు అక్కడ అన్నీ చూసుకుంటున్నారు, ఇక్కడ నాన్న ఫైలు కట్టించాడు, నేను చీర ఏది కట్టుకోవాలా అని ఆలోచించాను. ఆ రోజు నా చేతికి పాస్‌పోర్టుతో పాటు ఒక చీటీ వచ్చింది: శుభలేఖ, దాని ఇంగ్లీషు అనువాదం, తేదీ తేడాకు వివరణ పంపమని. అవి పంపి, వీసా వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. తప్పు నాది. అందుకే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ఏడేళ్లు అమెరికాలో ఉండి తిరిగొచ్చాక, ఎమ్మిగనూరు, ఆదోని నుంచి భర్త దగ్గరకు పోయే ఆడపిల్లల ఫైళ్లు చూసిపెడుతున్నాను. ఫైలు తెరిచే ముందు ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతాను: "ఇందులో ఏముందో నువ్వు చదివావా?" ఎక్కువమంది జవాబు, "ఆయన చూసుకుంటాడక్కా." ఈ అధ్యాయంలో నేను చెప్పేదల్లా ఆ మాట మార్చుకోమనే. వెళ్లేది మీరు, కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడేది మీరు. ఫైలులో ప్రతి కాగితాన్నీ మీరే చదవాలి, ఏది ఎందుకుందో మీకే తెలియాలి.

మన వైపు ఊరు విడిచి పోవడం కొత్తేమీ కాదు. సుగ్గి కాలం వస్తే కోసిగి, కౌతాళం వైపు ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మొగుడూ పెళ్లాం పిల్లలతో సహా గుంటూరు మిరప చేలకు పోతారు. అక్కడ "మీరిద్దరూ భార్యాభర్తలేనా, కాగితమేది?" అని ఎవరూ అడగరు. మెడలో తాళి, చంకలో బిడ్డ ఉంటే చాలు. ఆ అలవాటుతోనే మనం సముద్రం దాటబోతాం. అవతలి దేశం ఆఫీసరుకు తాళిబొట్టు తెలియదు, మన సాక్షులు తెలియరు. ఆయనకు కనిపించేది కాగితం ఒక్కటే. ఆ కాగితం మీద పేరు, తేదీ, పుట్టిన ఊరు అన్నిచోట్లా ఒకేలా ఉంటే మీ మాటకు బలం.

పేరు దగ్గర మొదలుపెడదాం

మన ప్రాంతంలో ఎక్కువ ఫైళ్లు చిక్కుపడేది పేరు దగ్గరే. ఇక్కడ చాలా కుటుంబాల్లో ఇంటిపేరు బదులు కులం పేరు ముందు రాస్తారు: బోయ, కురువ, ఈడిగ, గొల్ల. లక్ష్మి అనే అమ్మాయి ఉందనుకోండి. బడిలో చేర్చేటప్పుడు పంతులు "కురువ లక్ష్మి" అని రాశాడు. పదో తరగతి మెమోలో "కె. లక్ష్మీదేవి". ఆధార్‌లో "లక్ష్మి కురువ". రేషన్ కార్డులో "లక్ష్మమ్మ". పెళ్లయ్యాక బ్యాంకులో భర్త ఇంటిపేరు చేర్చి ఇంకో పేరు. ఊళ్లో ఇవన్నీ ఒకే మనిషి. ఆఫీసరు కళ్లకు ఐదుగురు మనుషులు. ముస్లిం ఇళ్లల్లోనూ ఇదే కథ: ఒకచోట షేక్ ముందు, ఒకచోట వెనక, ఒకచోట "ఎస్", చివర బీ ఒకసారి, బేగం ఒకసారి.

మా నాన్న మగ్గం నేసేవాడు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సొసైటీలో మా తాత కాలం నుంచీ సభ్యత్వం ఉంది. సొసైటీ పాస్‌బుక్కులో నాన్న పేరు ఒకలా, నా పాస్‌పోర్టులో తండ్రి పేరు ఇంకోలా ఉంది. ఒక అక్షరం తేడా. ఆ పాస్‌బుక్కు ఎవరూ అడగలేదు కాబట్టి బయటపడ్డాను. మీరు అలాంటి అదృష్టం మీద ఆధారపడకండి.

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమ పక్క మీ దగ్గరున్న కాగితాల పేర్లు వరుసగా రాయండి: పాస్‌పోర్టు, పదో తరగతి మెమో, ఆధార్, పుట్టిన తేదీ పత్రం, డిగ్రీ, పాన్, బ్యాంకు పుస్తకం, వివాహ ధ్రువపత్రం. ఎదురుగా ప్రతిదాంట్లో మీ పేరు ఇంగ్లీషులో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి రాయండి. గుర్తున్నదని రాయొద్దు, కాగితం చూసి రాయండి. పక్కనే పుట్టిన తేదీ, తండ్రి పేరు, పుట్టిన ఊరు. ఇదే కాగితం మీ భర్త చేత కూడా రాయించండి. గంట పని. ఈ గంట ఖర్చుపెట్టని వాళ్లు తర్వాత నెలలు ఖర్చుపెట్టడం చూశాను.

అన్నిటికీ పాస్‌పోర్టే పెద్దన్న. దాంట్లో పేరు రెండు గడుల్లో ఉంటుంది, ఇంటిపేరు ఒకటి, సొంత పేరు ఒకటి. మనవాళ్లలో చాలామంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా రెండో గడిలో రాయిస్తారు. ఇది ముందు ముందు ఇబ్బంది. అమెరికా వీసా మీద అలాంటివాళ్లకు పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, సొంత పేరు దగ్గర "ఎఫ్.ఎన్.యు." అని పడుతుంది. అంటే సొంత పేరు తెలియదని అర్థం. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు, లైసెన్సు తీసుకునేటప్పుడు ఆ మూడక్షరాలే మీ పేరై కూర్చుంటాయి. యుఎఇ అయితే 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వడం లేదు. మీ పాస్‌పోర్టు ఇంకా తీయకపోతే, మొదటిసారే రెండు గడులూ నింపండి. తీసేసి ఉంటే పెళ్లికి ముందే సరిచేయించుకోండి. కర్నూలు పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ఒక రోజు పోయి వస్తే సరిపోయే పని ఇది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా అని అడుగుతారు. చట్టం అలా చెప్పలేదు. నా మాట అడిగితే, వీసాకు పెట్టే ముందు మార్చొద్దు. పుట్టింటి పేరుతో చదువు కాగితాలన్నీ ఉన్నాయి. ఆ పేరుతోనే పోండి. అత్తగారింట్లో పట్టుబడితే ఈ మాట నెమ్మదిగా చెప్పండి: "ఇప్పుడు మారిస్తే ఆలస్యమవుతుందత్తా, అక్కడికి పోయాక చూద్దాం." ఇది అబద్ధమేమీ కాదు.

వయసు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మన మండలాల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్నాయి. అలాంటి పెళ్లికి ఏ రిజిస్ట్రారూ ధ్రువపత్రం ఇవ్వడు, 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అది నేరం. "ఆధార్‌లో తేదీ మార్పిస్తే పోయె" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పదో తరగతి మెమోలో తేదీ అలాగే ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు మీరు అబద్ధం చెప్పినవాళ్లవుతారు, ఆ మచ్చ ఆ తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తు మీదా పడుతుంది. చదువుకునే పిల్లను విదేశీ సంబంధమని తొందరపెట్టి ఇచ్చే తల్లిదండ్రులు ఈ ఒక్క పేరా అయినా చదవాలని నా కోరిక.

పెళ్లి కాగితం

హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే ధ్రువపత్రం తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం వచ్చాక ప్రతి పెళ్లీ నమోదు కావలసిందే. ఊళ్లో కూడా నమోదు చేస్తారు గానీ, విదేశం పోయేవాళ్లకు సబ్ రిజిస్ట్రార్ కాగితమే మేలని నా అనుభవం. ఇద్దరూ రావాలి, సాక్షులు రావాలి. అందుకే అబ్బాయి పెళ్లికి మూడు వారాల సెలవు మీద వచ్చాడంటే, ఆ సెలవులో ఒక రోజు రిజిస్ట్రేషన్‌కే కేటాయించండి. సత్యనారాయణ వ్రతం, మంత్రాలయం దర్శనం, బంధువుల ఇళ్లలో భోజనాలు అన్నీ అయ్యాక, విమానం ఎక్కే ముందు రోజు ఆఫీసుకు పోతే ఆ రోజు సర్వర్ పనిచేయకపోవచ్చు. మా ఇంట్లో పెళ్లైన నాలుగో రోజే పోయాం. ఆ ఒక్క పనీ తొందరగా చేశాం.

ధ్రువపత్రం చేతికివ్వగానే అక్కడే, కౌంటరు ముందే నిలబడి చదవండి. పేర్లు, పుట్టిన తేదీలు, పెళ్లి తేదీ, పెళ్లి జరిగిన ఊరు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ఇంగ్లీషు తేదీ ఏదో ఇంటిల్లిపాదికీ చెప్పండి, ఇక అదే మీ పెళ్లి తేదీ. శుభలేఖ అచ్చు వేయించేటప్పుడే ఇంగ్లీషు తేదీ విడిగా వేయించుకుంటే ఇంకా మంచిది. ఇంటికి తెచ్చాక దాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి. వెనకవైపు ముద్రలు పడాల్సి రావచ్చు, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు.

ఆదోనిలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి వాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఖాజీ రాసిచ్చే నిఖానామా మతపరంగా పూర్తి పత్రం. కానీ అది ఉర్దూలో, చేతిరాతలో ఉంటుంది. విదేశీ ఆఫీసుకు దానితో పాటు ఇంగ్లీషు అనువాదం, ప్రభుత్వ నమోదు పత్రం రెండూ ఉండటం క్షేమం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద, అప్పటికే ఏ ఆచారం ప్రకారం జరిగిన పెళ్లినైనా నమోదు చేయించుకోవచ్చు. దానికి నోటీసు పెట్టి 30 రోజులు ఆగాలి. ఈ 30 రోజులు ఎవరూ లెక్కలో వేసుకోరు, సెలవు అయిపోతుంది, అబ్బాయి వెళ్లిపోతాడు. ముందే లెక్క వేసుకోండి.

ఇక కాగితం విదేశంలో చెల్లడానికి వేయించే ముద్రల సంగతి. 2005 నుంచి మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. అందులో ఉన్న దేశాలకు విదేశాంగ శాఖ వేసే ఒక్క అపోస్టిల్ ముద్ర చాలు. సౌదీ 2022 డిసెంబరులో, కెనడా 2024 జనవరిలో ఇందులోకి వచ్చాయి. కువైట్, ఖతార్, యుఎఇలకు పాత పద్ధతే: ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ. "ఏ దేశానికైనా మేం ముద్ర వేయిస్తాం" అని బోర్డు పెట్టినవాడి దగ్గర డబ్బు కట్టే ముందు, మీ దేశానికి ఏది కావాలో మీకు తెలిసి ఉండాలి. అమెరికాలో భర్త దగ్గరకు పోయే హెచ్-4 వీసాకు చాలాసార్లు ఈ ముద్రలేవీ అడగరు. ఎవరో చెప్పారని మేం వాటి మీద డబ్బు, రెండు వారాలు పోగొట్టుకున్నాం.

మేనరికం

దీని గురించి మన పుస్తకాలు మాట్లాడవు, కానీ మన వైపు ఫైళ్లలో సగానికి ఇదే నేపథ్యం. మేనత్త కొడుకును, మేనమామ కొడుకును చేసుకోవడం మనకు ఆచారం, చట్టం కూడా ఆచారాన్ని ఒప్పుకుంటుంది. కిటికీ దగ్గర "మీరిద్దరూ ఎలా కలిశారు?" అని అడగగానే మన పిల్లలు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అయిపోతారు. సిగ్గుపడి "పెద్దలు చూశారు" అంటారు. తర్వాత ఫోటోల్లో ఇద్దరి తాతయ్య ఒక్కరే అని తేలుతుంది. సూటిగా చెప్పండి: "మా మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి తెలుసు." మూడేళ్ల వయసులో ఇద్దరూ నీలకంఠేశ్వరస్వామి జాతరలో రంగులరాట్నం మీద కూర్చున్న ఫోటో ఉంటే అది పెళ్లి ఆల్బమ్ కన్నా విలువైన సాక్ష్యం.

అయితే ఒక జాగ్రత్త. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మేనరికం పెళ్లిళ్లను ఒప్పుకోవు. సొంత మేనమామను చేసుకున్నవాళ్లకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. మీ భర్త ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆ రాష్ట్రం సంగతి, దరఖాస్తు పెట్టకముందే అక్కడి ఇమిగ్రేషన్ వకీలును ఒకసారి అడిగించండి. దాచి పెట్టడం మాత్రం వద్దు.

ఏ దేశం, ఏ వీసా

అమెరికాలో భర్త హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటే భార్యకు హెచ్-4. భర్త ఆమోద పత్రం ఐ-797, ఉద్యోగ లేఖ, ఇటీవలి జీతం స్లిప్పులు, మీ వివాహ ధ్రువపత్రం, కొద్దిపాటి ఫోటోలు ఇవి మూలం. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారం మీరే నింపండి, లేదా నింపేవాళ్ల పక్కన కూర్చోండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, వాటిని అందరికీ కనిపించేలా పెట్టమంటున్నారు. మీ పేరు మీద మీ తమ్ముడు నడిపే ఖాతాలు ఉంటే ముందే సర్దుకోండి.

హెచ్-4 మీద పోయిన వెంటనే ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి ఒక దారి తెరిచారు: భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఐ-140 ఆమోదం వచ్చాక, లేదా హెచ్-1బి ఆరేళ్లు దాటి పొడిగించిన కొన్ని సందర్భాల్లో, భార్య వర్క్ పర్మిట్ అడగవచ్చు. బి.టెక్. చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి ఇది తెలియకుండా రాజీనామా చేసి పోతే, మొదటి చలికాలం నాలుగు గోడల మధ్య చాలా భారంగా గడుస్తుంది. నాకు అలాగే గడిచింది. అందుకే పెళ్లి మాటల్లోనే అడగండి: "ఐ-140 ఎక్కడిదాకా వచ్చింది?" కట్నం, కానుకల గురించి గంటలు మాట్లాడేవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోవలసిన పని లేదు.

భర్త అమెరికా పౌరుడైతే, గ్రీన్ కార్డు ఉన్నవాడైతే, దారి వేరు. ముందు ఆయన ఐ-130 దరఖాస్తు పెట్టాలి, మీకు వైద్య పరీక్ష ఉంటుంది. పోషించగలనని భర్త రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇలాంటి ఇమిగ్రెంట్ వీసాల ఇంటర్వ్యూలు మన దేశంలో ఎక్కువగా ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి. మనవాళ్లకు ఇది ఒక రకంగా సులువే, ఆదోని స్టేషన్ ముంబయి లైను మీదే ఉంది.

బ్రిటన్‌లో స్థిరపడ్డ వ్యక్తి భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. అంతకుముందు 18,600 ఉండేది. ఎ1 స్థాయి ఇంగ్లీషు, క్షయ పరీక్ష తప్పవు. అక్కడ కేర్ వర్కర్లుగా కొత్తగా పోయినవాళ్లు 2024 మార్చి 11 నుంచి కుటుంబాన్ని తీసుకుపోలేకపోయారు, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవాళ్లను ఆ పనికి తీసుకోవడమే ఆపేశారు. నర్సింగ్ చదివి ఈ ఉద్యోగాలకు పోవాలని చూసే మన అమ్మాయిలు, వాళ్ల వెనక పోదామనుకునే భర్తలు ముందు ఇది గట్టిగా తెలుసుకోవాలి. "ముందు నువ్వు పో, తర్వాత నేనొస్తా" అన్న మాట మీద ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబం ఒకటి నాకు తెలుసు.

గల్ఫ్ సంగతి తెలుసుకోవాల్సింది ఆదోనివాళ్లే ఎక్కువ. కువైట్‌లో ఇంటి డ్రైవర్లు, వంటవాళ్లు ఉండేది ఆర్టికల్ 20 వీసా మీద. దాని మీద భార్యను తెచ్చుకునే వీలు లేదు. కంపెనీ వీసా ఆర్టికల్ 18 మీద ఉన్నవాళ్లు, నిర్ణీత జీతం ఉంటే, ఆర్టికల్ 22 కింద కుటుంబాన్ని పిలవగలరు. ఆ జీతం 800 దీనార్లు, మామూలు కూలికి అందే మాట కాదు. సౌదీలో కుటుంబంలో ప్రతి మనిషికీ నెలకు 400 రియాళ్లు ప్రభుత్వానికి కట్టాలి. భార్య, ఇద్దరు పిల్లలంటే నెలకు 1,200. దుబాయ్‌లో 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు ఇల్లు ఉండాలి. ఈ అంకెలు మారుతుంటాయి, పెట్టే రోజున ఆ దేశపు అధికారిక సైటులో చూసుకోండి.

భర్తకు తెచ్చుకునే అర్హత లేదని తెలిశాక ఏజెంటు ఒక మాట చెబుతాడు: "వదిన గారిని ఇంటిపని వీసా మీద పంపిద్దాం, అక్కడ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటారు." ఇది వినవద్దు, అమ్మా. ఒకే ఊళ్లో ఉన్నా ఒకే కప్పు కింద ఉండనివ్వరు. ఆ వీసా మీద మీరు ఆయన భార్య కాదు, ఎవరింట్లోనో పనిమనిషి. పదో తరగతి దాటనివాళ్ల పాస్‌పోర్టు మీద పడే ఈసీఆర్ (వలసకు అనుమతి కావాలనే) ముద్ర ఉంటే, ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి పంపడం మన దేశపు నిబంధనలకే విరుద్ధం. విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపి ఆ నిబంధన దాటిస్తారు. తర్వాత ఏ కష్టమొచ్చినా మీ పేరు ఏ లెక్కలోనూ ఉండదు. భర్త దగ్గరకు పోయే నిజమైన వీసాకు ఏజెంటు అవసరమే లేదు.

కిటికీ ముందు

హైదరాబాదు అమెరికన్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు నామోషీ అనుకుంటారు. ఇంగ్లీషులో తడబడి సగం చెప్పేకన్నా తెలుగులో నిండుగా చెప్పడం మేలు. మా వీధి అమ్మాయి ఒకతె బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యాలతో పోతానంది. ఆమెను నేను ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, "మీ ఆయన ఏం పని చేస్తాడు?" ఇంగ్లీషులో కంపెనీ పేరు, ఉద్యోగం పేరు గడగడా చెప్పింది. "అంటే ఏం చేస్తాడు?" అన్నాను. ఆగిపోయింది. ఆ రాత్రి ఆమె భర్తకు ఫోన్ చేసి గంటసేపు అడిగింది, పొద్దున లేచి ఏ బస్సెక్కుతాడు, ఎవరితో కలిసి ఉంటాడు, ఆసుపత్రుల బిల్లుల సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి అని. "పెళ్లయ్యాక మేం ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదలు" అంది మర్నాడు. ఆమె ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది.

ప్రశ్నకు జవాబు చెప్పి ఆగండి. అడగనిది చెప్పకండి. తెలియకపోతే తెలియదనండి. చీటీ ఇచ్చి ఇంకో కాగితం అడిగితే అది తిరస్కారం కాదు, ఏడవకుండా చీటీలో ఏముందో చదవండి.

ఎదురుచూసే రోజులు

ఇది కాగితాలకన్నా కష్టం. పెళ్లైన పిల్ల పుట్టింట్లో ఉంటే ఊరు ఊరుకోదు. జనవరిలో జాతరకు పోతే కనిపించిన ప్రతి అత్తా, "ఇంకా పోలేదా తల్లీ?" అంటుంది. ఆమె మంచికే అడుగుతుంది, మనకే గుచ్చుకుంటుంది. నేను మొదటి రెండు నెలలు గడప దాటలేదు. తర్వాత అమ్మ కసిరితే కర్నూలులో డ్రైవింగ్ నేర్చుకోవడానికి చేరాను. ఆ నేర్పే నన్ను అమెరికాలో బతికించింది. మీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి, కొంత డబ్బు అందులో వేసుకోండి. డిగ్రీ, మార్కుల పత్రాలు యూనివర్సిటీ నుంచి తెప్పించుకోండి, అక్కడ చదవాలన్నా, పని వెతకాలన్నా అవే ఆధారం. పళ్లు, కళ్లు ఇక్కడే చూపించుకోండి, అక్కడ ఖరీదు.

ఇదే కాలంలో ఇంకో పని. భర్త వీసా కాగితం, జీతం స్లిప్పు, ఇంటి అగ్రిమెంటు ఎలాగూ మీ ఫైలులోకి రావాలి. అవి పంపడానికి నెలల తరబడి సాకులు చెబుతుంటే, "పెట్టొచ్చులే, తొందరేముంది" అంటుంటే, మనసులో గంట మోగాలి. పెళ్లి చేసుకుని వదిలేసి పోయే కేసులు మన రాష్ట్రంలో తక్కువేమీ లేవు. వాటి కోసమే జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక ఎన్నారై సెల్ పనిచేస్తోంది. మహిళల హెల్ప్‌లైన్ 181. భర్త మంచివాడైతే ఈ నంబరు మీకు అక్కర రాదు, రాసి పెట్టుకోవడానికి ఖర్చూ లేదు. అక్కడికి పోయాక మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, అత్తగారి బీరువాలో కాదు. హెచ్-4 మీద ఉన్న భార్య ఇంట్లో హింస ఎదుర్కొంటే, ఐ-765వి అనే ఫారంతో వర్క్ పర్మిట్ అడిగే హక్కు ఉంది. మీకు కాకపోయినా పక్క అపార్టుమెంటు పిల్లకు ఒకనాడు చెప్పాల్సి రావచ్చు.

నా వీసా వచ్చిన రోజు సాయంత్రం అమ్మ సొసైటీ దుప్పటి గుడ్డ ముక్క తీసుకుని ఫైలుకు సరిపోయే సంచి కుట్టింది, మెడకు తగిలించుకునే నాడాతో. పచ్చళ్లు, కారప్పొడి, పట్టుచీరలు సూట్‌కేసుల్లో పోయాయి. ఈ సంచిని మాత్రం విమానంలో నా ఒళ్లో నుంచి దించలేదు. అవతల దిగాక వరుసలో నిలబడ్డాను. ఆఫీసరు పాస్‌పోర్టు తీసుకుని, భర్త ఐ-797 కాపీ ఉందా అన్నాడు. సంచిలో ఎడమ పక్క, పైనుంచి మూడోది. వెతుక్కోకుండా తీసి ఇచ్చాను. పెళ్లి ఎప్పుడైందని అడిగాడు. 15 అని చెప్పాను.